కుక్క గిన్నెలో లెక్క

కుక్కను పెంచుకునే ఇళ్లలో ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "ఆ సంచీ గింజలు మానేసి, ఇంట్లోనే శుభ్రంగా వండి పెడదాం." మన గడపలో తిని పడుకునే ప్రాణికి వేడిగా వండి పెట్టాలనుకోవడంలో ప్రేమ ఉంది. కొంత శాస్త్రబలమూ ఉంది. కానీ ఆ పని మొదలుపెట్టే ముందు, ఇన్నాళ్లూ ఆ సంచీ ఏం చేస్తూ వచ్చిందో తెలుసుకోవాలి.

సంచీలోని ఆ గింజలు, అంటే డ్రై ఫుడ్, రెండు పనులు చేస్తాయి. ఒకటి కడుపు నింపడం. రెండోది, కుక్క ఒంటికి కావలసిన ముప్పైకి పైగా పోషకాలను ఏ రోజూ తప్పకుండా, లెక్క ప్రకారం అందించడం. మొదటి పని ఏ వంటగదైనా చేయగలదు. రెండోది దానంతట అది జరిగిపోదు. సంచీ మానేసిన రోజు నుంచి ఆ లెక్క మన చేతికొస్తుంది. తాజా తిండి కుక్కకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆ లెక్కను మనం ఎంత శ్రద్ధగా మోస్తామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గింజ ఎలా పుడుతుంది

జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ పిడుగుల నుంచి ఇళ్లను కాపాడే లోహపు కడ్డీలు అమ్ముకునేందుకు లండన్ వెళ్లాడు. ఓడరేవులో నావికుల గట్టి రొట్టెలను కుక్కలు ఎగబడి తినడం చూసి, 1860 ప్రాంతంలో గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కాల్చిన బిళ్లలు అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. దుకాణంలో కొనే కుక్కతిండి చరిత్ర అక్కడి నుంచే. ఇప్పుడు మనం చూస్తున్న గింజ మాత్రం 1950ల నాటిది. సీరియల్ తయారీలో వాడే ఎక్స్‌ట్రూడర్ యంత్రాన్ని అమెరికాలోని రాల్‌స్టన్ ప్యూరినా కంపెనీ కుక్కల తిండికి మళ్లించి, 1957లో ప్యూరినా డాగ్ చౌను బజారులోకి తెచ్చింది. ఈ రోజు పెడిగ్రీ గింజలు తయారుచేసే మార్స్ కంపెనీ కర్మాగారం మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది.

తయారీ పద్ధతి ఇది. ధాన్యపు పిండి, ఎండబెట్టిన మాంసం పొడి, కొవ్వు, ఖనిజాలు, విటమిన్లు కలిపి ముద్ద చేస్తారు. ఆవిరి, ఒత్తిడి తోడుగా దాన్ని వంద డిగ్రీలు దాటించి ఉడికిస్తూ గొట్టంలోంచి నెడతారు. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు ముద్ద చివరి చిల్లుల బిళ్లలోంచి బయటికి వస్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడంతో లోపలి నీరు ఆవిరై గింజ పొంగుతుంది. తిరిగే కత్తి దాన్ని ముక్కలుగా కోస్తుంది. తేమ సుమారు పది శాతానికి దిగేదాకా ఆరబెట్టి, ఆఖరున పైన కొవ్వు, రుచినిచ్చే ద్రవం చల్లుతారు. సంచీ విప్పగానే గుప్పుమనే వాసన చాలావరకు ఆ పైపూతదే.

ఇంత వేడికి కొంత నష్టం తప్పదు. లైసిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో ముడిపడి, ఒంటికి అందకుండా పోతుంది. థయమిన్, విటమిన్ ఎ లాంటివి తగ్గుతాయి. ఆ తరుగును ముందే ఊహించి తయారీదారులు వాటిని ఎక్కువ మోతాదులో కలుపుతారు. తేమ అంత తక్కువ కాబట్టి బూజు పట్టదు, నెలల తరబడి నిలవ ఉంటుంది. అంటే మంచి కంపెనీ గింజ చెత్త తిండేమీ కాదు.

అయినా జనానికి అనుమానం కలగడానికి కారణాలున్నాయి. 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. చైనా నుంచి దిగుమతి చేసుకున్న గోధుమ గ్లూటెన్‌లో ప్రొటీన్ ఎక్కువగా కనబడేలా మెలమైన్ కల్తీ చేశారని తేలింది. తమ కళ్ల ముందు వండినదే పెట్టాలని అక్కడి యజమానులు ఎందరో అప్పుడే నిర్ణయించుకున్నారు. తాజా తిండికి ప్రయోగాల బలం కూడా కొంత ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బీగిల్ కుక్కల మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, తాజాగా వండిన తిండితో పోలిస్తే గింజలు తిన్న కుక్కలు ఒకటిన్నర నుంచి దాదాపు మూడు రెట్ల మలం విసర్జించాయి. తాజా తిండి అంత బాగా ఒంటికి పట్టిందన్నమాట.

కుక్క తోడేలు కాదు

"కుక్క అంటే తోడేలే కదా, అన్నం పెట్టకూడదు, మాంసమే పెట్టాలి" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. దీనికి జన్యువుల్లోనే జవాబు దొరికింది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమును క్లోమంలో తయారుచేయించే జన్యువు ఏఎంవై2బి. తోడేలులో దీని ప్రతులు రెండే ఉంటాయి. కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మనిషి వ్యవసాయం నేర్చి ధాన్యం వండుకోవడం మొదలుపెట్టాక, అతని చెంత చేరిన జంతువు ఒళ్లు కూడా ఆ తిండికి తగ్గట్టు మారింది.

కాబట్టి అన్నం కుక్కకు పరాయిది కాదు. అయితే మెత్తగా ఉడకాలి. కుక్క లాలాజలంలో అమైలేజ్ లేనట్టే లెక్క. అది నమలదు, మింగుతుంది. పిండిని అరిగించే పనంతా చిన్నపేగులోనే జరగాలి. ఉడికి ఉబ్బిన పిండి అక్కడ తేలిగ్గా విడిపోతుంది. ఉడకనిది పెద్దపేగుకు చేరి, పులిసి, గ్యాసుగా మారుతుంది.

ధాన్యం మానేస్తే ఆరోగ్యమన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు. పైగా ధాన్యం లేకుండా బఠాణీలు, పప్పులు దండిగా వేసిన తిండ్లకూ, గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదేనని ఇంకా తేలలేదు. అన్నానికి భయపడి వేరే దారి పట్టనవసరం మాత్రం లేదు.

మరి మన ఇళ్లలో తరతరాలుగా పెడుతున్న పెరుగన్నం సంగతి? పది కిలోల బరువున్న కుక్కను తీసుకుందాం. పెద్దగా పరుగులు తీయని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్క అయితే దానికి రోజుకు సుమారు 600 నుంచి 650 కిలోకేలరీలు కావాలి. అంత శక్తి రావాలంటే 400 గ్రాముల అన్నం, 200 గ్రాముల పెరుగు పెట్టాలి. అందులో ప్రొటీన్ 18 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. కావలసింది కనీసం 29 గ్రాములు. ఊరికుక్కలు పెరుగన్నంతో బతికాయంటే, అవి బయట తిరిగి ఇంకేదో తిన్నాయి కాబట్టే బతికాయి. గేటు దాటని అపార్ట్‌మెంటు కుక్కకు ఆ అవకాశం లేదు.

ఒక గిన్నె, రెండు తూకాలు

ఆ పది కిలోల కుక్కకే ఇప్పుడు ఒక గిన్నె సిద్ధం చేద్దాం. ఎముకల్లేని, చర్మం తీసిన కోడిమాంసం 200 గ్రాములు (పచ్చిగా తూచినది), వండిన అన్నం 250 గ్రాములు, ఒక గుడ్డు. మొత్తం 500 గ్రాములు, సుమారు 650 కిలోకేలరీలు. అదే శక్తి గింజల్లో కావాలంటే 180 గ్రాములు చాలు.

గిన్నె మార్చేవాళ్లు మొట్టమొదట తడబడేది ఇక్కడే. తేడా అంతా నీటిది. గింజలో నీరు పది శాతం, మన గిన్నెలో డెబ్బై శాతం పైనే. ఇంతకుముందు 180 గ్రాముల గింజలు పెట్టిన చోట 180 గ్రాముల కోడి అన్నం పెడితే కుక్కకు దక్కేది మూడో వంతే. రోజులు గడిచేకొద్దీ అది చిక్కిపోతుంది. అలాగని కళ్లలోకి చూసి అడిగిందల్లా పెడితే నాలుగు నెలల్లో నడుము మాయమవుతుంది. వంటగదిలో చిన్న డిజిటల్ త్రాసు ఉంటేనే ఈ పని కుదురుతుంది.

ప్రొటీన్ పోల్చేటప్పుడూ నీటిని పక్కన పెట్టి చూడాలి. సంచీ మీద ప్రొటీన్ 22 శాతం అని రాసి ఉందనుకుందాం. నీరు తీసేస్తే అది 24 శాతం. మన గిన్నెలో 500 గ్రాములకు ప్రొటీన్ 57 గ్రాములు, అంటే 11 శాతం. వినడానికి సగమే అనిపిస్తుంది. నీరు తీసేసి చూస్తే మిగిలే సుమారు 140 గ్రాముల పదార్థంలో అది 40 శాతం. ఈ గిన్నెలో ప్రొటీన్‌కు లోటే లేదు. లోటు మరోచోట ఉంది.

మాంసంలో లేనిది

ఆ గిన్నెలో కాల్షియం 70 మిల్లీగ్రాములకు మించదు. భాస్వరం 550 నుంచి 600 దాకా ఉంటుంది. కుక్కకు రోజుకు సుమారు 800 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పైగా అది భాస్వరం కన్నా తక్కువ ఉండకూడదు. మన గిన్నెలో ఎనిమిదో వంతుంది.

ఈ లోటు కొన్నాళ్లపాటు పైకి కనబడదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు పనిచేయవు. అందుకని మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను విడుదల చేసి ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి పంపుతాయి. రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం మామూలుగానే ఉందని వస్తుంది. లోపల ఎముక గుల్లబారుతూ ఉంటుంది. కుక్కపిల్లల్లో అయితే కాళ్లు వంగుతాయి, సోఫా మీది నుంచి దూకితే విరుగుతాయి. ఉత్త మాంసం మీద పెంచిన పిల్లల్లో పశువైద్యులు తరచుగా చూసే జబ్బిది.

మందు చవకైనదే. కోడిగుడ్డు పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. పెంకులు కడిగి, నీళ్లలో మరిగించి, బాగా ఆరబెట్టి, మిక్సీలో పిండిలా ఆడితే ఆ పొడి ఒక గ్రాములో సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన గిన్నెకు రెండు గ్రాములు చాలు, అంటే అర టీస్పూను కన్నా తక్కువ. అప్పుడు కాల్షియం 800 దాటుతుంది, భాస్వరంతో నిష్పత్తి సరిపడుతుంది.

ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో, కాల్షియం మోతాదు మించినా ఎముకల పెరుగుదల దెబ్బతింటుందని రుజువైంది. చిన్న కుక్కపిల్లల పేగులకు అదనపు కాల్షియాన్ని ఆపే శక్తి ఉండదు. వచ్చినదంతా లోపలికి పోతుంది. అందుకే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు ఏడాది నిండేదాకా ఇంట్లో లెక్కలు వేసి వండిపెట్టే ప్రయోగం చేయకపోవడమే క్షేమం.

కాల్షియం సరిపెట్టినా కథ ముగియదు. జింకు 13 మిల్లీగ్రాములు కావాలి, ఈ గిన్నెలో 5 కూడా ఉండదు. జింకు తగ్గితే కళ్ల చుట్టూ, మూతి దగ్గర చర్మం పొలుసులు రేగుతుంది. రాగి మూడో వంతే ఉంది. కొద్దిగా మేక కార్జం వేస్తే రాగి లోటు తీరుతుంది. ఎక్కువ వేస్తే విటమిన్ ఎ విషమవుతుంది కాబట్టి గిన్నెలో ఇరవయ్యో వంతు దాటనివ్వకూడదు. విటమిన్ డి విషయం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. మనకు ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది. కుక్క చర్మం తగినంత తయారుచేసుకోలేదు. ఎంత ఎండలో పడుకున్నా తిండిలోంచే రావాలి. గుడ్డు సొన, చేప కొంత ఇస్తాయి. ఇవి కాక విటమిన్ ఇ, అయొడిన్, ఒమేగా-3 కొవ్వులు కూడా చూసుకోవాలి.

2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 ఇంటి వంటకాలను పరిశీలించారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక్క అత్యవసర పోషకమైనా తక్కువైంది. వాటిలో కొన్ని పశువైద్యులు రాసినవే. రోజుకో రకం మార్చి పెడితే లోటు సర్దుకుంటుందన్న ఆశ కూడా నిలవలేదు. చాలా వంటకాల్లో ఒకే పోషకాలు తగ్గాయి మరి. అందుచేత చేయవలసింది ఒకటే. పశువైద్య పోషకాహార నిపుణుల చేత మీ కుక్క బరువు, వయసు, జబ్బులను బట్టి ఒక వంటకం రాయించుకోండి. వాళ్లు చెప్పిన ఖనిజ విటమిన్ మిశ్రమాన్ని చెప్పిన మోతాదులోనే కలపండి. కోడి బదులు మటన్, అన్నం బదులు చిలగడదుంప అని సొంతంగా మార్చేస్తే లెక్క మారిపోతుందని గుర్తుంచుకోండి.

మన వంటింట్లోని విషాలు

కుక్కకు విడిగా వండాలనడానికి పెద్ద కారణం మన తాలింపు, మన పులుసు. ఉల్లి, వెల్లుల్లిలోని గంధకపు సమ్మేళనాలు కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి అయినా అంతే. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ చేటు చేస్తుంది. చిన్న కుక్కకు ఒక ఉల్లిపాయే చాలు. నాలుగైదు రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి, మూత్రం ఎర్రబడితే గాని ఇంట్లోవాళ్లకు తెలియదు.

ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను చెడగొడతాయని చాలాకాలంగా తెలుసు. కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికా పశువైద్య విషశాస్త్ర నిపుణులు 2021లో ప్రతిపాదించారు. ఆ ఆమ్లమే పుష్కలంగా ఉన్న చింతపండు తిన్న కుక్కల్లో కూడా మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను ఆ తర్వాత ప్రచురించారు. పులిహోర, పులుసన్నం, చారన్నం మిగిలితే కుక్క గిన్నెలో వేసే అలవాటున్న మన ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలియాలి. చాక్లెట్, జైలిటాల్ వేసిన చూయింగ్ గమ్, ఉడికి పెళుసెక్కిన కోడి ఎముకలు కూడా ఈ జాబితాలోవే. పండగ పూట మటన్ కొవ్వు దండిగా పెడితే క్లోమం వాచి, వాంతులతో కుక్క ఆసుపత్రి పాలవుతుంది. పచ్చి మాంసంలోని సాల్మొనెల్లా కుక్కకు ఏమీ చేయకపోయినా, దాని మలం, మూతి ద్వారా ఇంట్లో పసిపిల్లలకూ ముసలివాళ్లకూ అంటుతుంది. ఉడికించి పెట్టడమే శ్రేయస్కరం. మన ఎండల్లో వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి.

పేగులకు వ్యవధి ఇవ్వాలి

ఒక్క రోజులో తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. కొత్త తిండి పడలేదని చాలామంది అక్కడే ఆపేస్తారు. నిజానికి పడనిది చాలాసార్లు తిండి కాదు, తొందర. క్లోమం ఏ ఎంజైము ఎంత వదలాలో రోజూ వచ్చే తిండిని బట్టి నిర్ణయించుకుంటుంది. కొవ్వు, ప్రొటీన్ హఠాత్తుగా పెరిగితే దానికి తగ్గట్టు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. పెద్దపేగులోని బాక్టీరియా సంగతీ అంతే. పిండి, పీచు తినే జాతులు వేరు, మాంసపు ప్రొటీన్ మీద పెరిగే జాతులు వేరు. తిండి మారితే వాటి జనాభా మారుతుంది. ఆ మార్పు పూర్తి కాకముందు అరగకుండా మిగిలినది పెద్దపేగులోకి నీటిని లాగుతుంది. మలం పలచబడేది అందుకే.

మన పది కిలోల కుక్కకు ఇలా చేయవచ్చు. మొదటి మూడు రోజులు 135 గ్రాముల గింజలు, 125 గ్రాముల వంట. తర్వాతి మూడు రోజులు 90, 250. ఆ తర్వాత మూడు రోజులు 45, 375. పదో రోజుకు గిన్నె నిండా వంటే. కడుపు సున్నితమైన కుక్కకు ప్రతి మెట్టునూ వారం చేయండి. మలం కాస్త మెత్తబడితే అదే మెట్టు మీద రెండు రోజులు ఆగండి. నీళ్లలా అయినా, రక్తం కనబడినా, వాంతులైనా, ఒక పూట దాటి తిండి ముట్టకపోయినా ఆపి డాక్టరుకు చూపించండి. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, గతంలో క్లోమం వాచిన చరిత్ర ఉన్న కుక్కకు మార్పు మొదలుపెట్టే ముందే డాక్టరును కలవాలి.

తాజా తిండిలో నీరు ఎక్కువ కాబట్టి కుక్క నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లడం తగ్గుతుంది. మలం పరిమాణం, వాసన తగ్గుతాయి. ఇవి కంగారుపడే లక్షణాలు కావు. నెలకోసారి తూకం చూడండి. పక్కటెముకల మీద చేయి వేస్తే తగలాలి, కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. పై నుంచి చూస్తే నడుము సన్నబడి కనబడాలి. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించండి. కాల్షియం విషయంలో చూశాం కదా, రక్తం అన్నీ చెప్పదు. అందుకే పరీక్ష బాగుందని వంటకంలో మోతాదులు సడలించకూడదు.

రోజూ వండే తీరిక, తూచే ఓపిక, నిపుణుల సలహాకు పెట్టే ఖర్చు అందరికీ ఉండవు. అలాంటివాళ్లు మంచి గింజలే పెడుతూ, రోజు కేలరీల్లో పదో వంతు దాటకుండా ఉడికిన గుడ్డు, కోడిమాంసం, గుమ్మడి ముక్కలు కలిపినా కుక్కకు రుచీ దక్కుతుంది, లెక్కా చెడదు. అది తక్కువ ప్రేమేమీ కాదు. సగం తెలిసిన వంటతో పూర్తి గిన్నె నింపడం కన్నా అది ఎంతో మేలు. పూర్తిగా మారాలనుకునేవాళ్లు మాత్రం వంటకం, త్రాసు, ఖనిజ మిశ్రమం మూడూ సిద్ధం చేసుకున్నాకే సంచీ పక్కన పెట్టాలి. తనకు ఏం తక్కువైందో కుక్క నోరు తెరిచి చెప్పలేదు. ఆ లెక్క చూడవలసింది పెట్టే చేయే.